తక్‌పట్టీ పేజీ మరమ్మతు: ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 9

గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్టువారి తక్‌పట్టీ సాఫ్ట్‌వేర్ ఈ రోజు నా చేతికి వచ్చింది. రైతు తెచ్చిన సరుకు ఏ రకం, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఎంత తూకం, క్వింటాలుకు ఏ ధర పలికింది అన్నవి నింపి బటన్ నొక్కాలి. కోతలన్నీ పోను రైతు చేతికి రావలసిన మొత్తంతో తక్‌పట్టీ ముద్రణకు వస్తుంది. మైక్రోసాఫ్ట్ వారి వెబ్ సాధనమైన ఏఎస్‌పీ డాట్ నెట్ వెబ్ ఫార్మ్స్‌లో, సీ షార్ప్ భాషలో రాశారు. రాసినవారు ఎప్పుడో వెళ్లిపోయారు. కోడ్‌లో ఒక్క వ్యాఖ్య కూడా లేదు. వేరియబుళ్లలో సగం పేర్లు టెంప్1, టెంప్2.

వెబ్ ఫార్మ్స్ 2002లో డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్ మొదటి కూర్పుతో పాటే వచ్చింది. విండోస్ ప్రోగ్రాములు రాయడం అలవాటైనవారికి వెబ్ కూడా అచ్చం అలాగే కనిపించాలన్నది దాని ఉద్దేశం. ఫారం మీద బటన్ పెట్టు, దాని మీద రెండుసార్లు నొక్కు, తెరుచుకున్న చోట కోడ్ రాయి. డాట్ నెట్ తర్వాతి తరమైన డాట్ నెట్ కోర్ వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ దీన్ని వెంట తీసుకువెళ్లలేదు. అది పాత ఫ్రేమ్‌వర్క్‌తోనే ఉండిపోయింది. అయినా మన ఊళ్లలో ఎన్ని కొట్లు, ఎన్ని ఆఫీసులు ఇంకా దీని మీదే బతుకుతున్నాయో ఈ పనిలో ఉన్నవారికి తెలుసు.

"మొత్తం కొత్తగా రాద్దామండీ" అన్నాను. "సీజను అయ్యాక చూద్దాం. ఇప్పుడు యార్డు నిండా సరుకు ఉంది" అన్నారు యజమాని. కాదనలేని మాట.

చెప్పిన ఇబ్బందులు ఇవి. ఏ రకం ఎంచినా తక్‌పట్టీ మీద 'తేజ' అనే పడుతోంది. ఒకే రైతువి రెండు మూడు లాట్లు ఉన్నప్పుడు 'ఇంకో లాటు' బటన్ నొక్కితే అంతవరకు నింపిన లాట్లు మాయమవుతున్నాయి. కింద కనిపించే మొత్తం ఎప్పుడూ ఒక అడుగు వెనకబడి ఉంటోంది. గుమాస్తా గారికి అరవై దాటాయి. ఆయన ముద్రించిన కాగితం మీద రకాన్ని పెన్నుతో దిద్ది, పక్కన పొట్టి సంతకం చేసి ఇస్తున్నారు. "ఈ మెషీన్‌కు తేజ అంటే ఇష్టం బాబూ, ఏం చేస్తాం" అని నవ్వారు.

ఫిబ్రవరి 10

కోడ్ ముట్టుకునే ముందు పేజీ లోపల ఏ పని ఎప్పుడు జరుగుతోందో కళ్లతో చూడాలనిపించింది. దీనికి వెబ్ ఫార్మ్స్‌లోనే ఒక సాధనం ఉంది. పేజీ డైరెక్టివ్‌లో (పేజీ ఫైలు పైన ఉండే సెట్టింగుల వరుసలో) ట్రేస్ అనే గుణాన్ని ట్రూ చేస్తే చాలు. పేజీ అడుగున పెద్ద పట్టిక పడుతుంది. ప్రతి దశ మొదలైన క్షణం, ముగిసిన క్షణం, వాటి మధ్య పట్టిన సమయం అన్నీ అందులో ఉంటాయి.

బటన్ నొక్కినప్పుడు పట్టికలో కనిపించిన వరుసను ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాను. ప్రీఇనిట్, ఇనిట్, ఇనిట్‌కంప్లీట్ (గడులు పుట్టే దశలు). తర్వాత లోడ్‌స్టేట్ (దాచిన స్థితిని విప్పడం), ప్రాసెస్ పోస్ట్‌డేటా (నింపిన విలువలను గడులకు పంచడం). ఆపైన ప్రీలోడ్, లోడ్. ఆ వెంటనే మళ్లీ ప్రాసెస్ పోస్ట్‌డేటా, పక్కన 'సెకండ్ ట్రై' అని. తర్వాత మార్పు ఈవెంట్లు, ఆ తర్వాత బటన్ క్లిక్ ఈవెంటు (నొక్కినందుకు నడిచే కోడ్). చివరగా లోడ్‌కంప్లీట్, ప్రీరెండర్, ప్రీరెండర్‌కంప్లీట్, సేవ్‌స్టేట్ (స్థితిని దాచడం), రెండర్ (హెచ్‌టీఎంఎల్ రాయడం). అన్‌లోడ్ ఇందులో కనిపించదు, కానీ అన్నిటికన్నా చివర అదీ ఉంటుంది.

ఇన్నేళ్లుగా పేజ్_లోడ్‌లో (లోడ్ దశలో నడిచే మెథడ్‌లో) కోడ్ రాసినవాడినే. క్లిక్ ఈవెంటు దాని తర్వాత వస్తుందని తెలుసు. ఆ రెంటి ముందూ వెనకా ఇంత ఊరేగింపు ఉందని మాత్రం ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

చిన్న ప్రయోగం ఒకటి చేశాను. పేజీ క్లాసులో ఒక మామూలు అంకె వేరియబుల్ పెట్టి, బటన్ నొక్కిన ప్రతిసారీ ఒకటి కలిపి చూపించమన్నాను. పదిసార్లు నొక్కాను. పదిసార్లూ 1. అదే అంకెను వ్యూస్టేట్‌లో పెడితే 1, 2, 3 అని పెరిగింది. నొక్కిన ప్రతిసారీ సర్వర్‌లో కొత్త పేజీ ఆబ్జెక్టు పుడుతుంది, హెచ్‌టీఎంఎల్ రాసి పంపుతుంది, పోతుంది. తెర మీద మనం చూసేది అది వదిలి వెళ్లిన కాగితం మాత్రమే. మళ్లీ నొక్కితే జవాబు చెప్పేది మరో పేజీ. పాత పేజీ సంగతులు ఆ కొత్తదానికి ఏమైనా తెలిశాయంటే అవి బ్రౌజరు మోసుకొచ్చినవే. ఒకటి మనం గడుల్లో నింపిన విలువలు, రెండోది వ్యూస్టేట్ అనే దాపుడు గడిలోని మూట.

మాస్టర్ పేజీలోనూ (అన్ని పేజీలకూ ఉమ్మడి చట్రం), లోపలి పేజీలోనూ ప్రతి ఈవెంటులో ఒక లాగ్ వాక్యం పెట్టి చూశాను. ఇనిట్ ముందుగా గడులకు, తర్వాత మాస్టర్ పేజీకి, చివరికి పేజీకి వచ్చింది. లోడ్ మాత్రం ముందు పేజీకి, తర్వాత మాస్టర్‌కు, ఆ తర్వాత గడులకు వచ్చింది. పుట్టుక పిల్లల నుంచి, పని పెద్దల నుంచి అన్నమాట. మాస్టర్ పేజీ పేరుకు మాస్టరే కానీ, నడిచేటప్పుడు అది పేజీకి పిల్ల. లాగిన్ అయిన గుమాస్తా పేరును మాస్టర్ లోడ్‌లో పెట్టి, దాన్ని లోపలి పేజీ లోడ్‌లో చదవబోతే ఖాళీ ఎందుకు వస్తోందో అప్పుడు తెలిసింది. చదివేవాడు ముందు, పెట్టేవాడు తర్వాత.

అదే రోజు, సాయంత్రం

తేజ రహస్యం తేలింది. రకాల డ్రాప్‌డౌన్‌ను పేజ్_లోడ్‌లో డేటాబేస్ నుంచి నింపుతున్నారు, అది మొదటిసారి రావడమా, బటన్ నొక్కి తిరిగి రావడమా అని అడగకుండా. గుమాస్తా గారు 'బాడిగ' ఎంచి బటన్ నొక్కుతారు. సర్వర్‌లో పోస్ట్‌డేటా దశ దాన్ని గౌరవించి బాడిగను ఎంచి పెడుతుంది. వెంటనే పేజ్_లోడ్ వచ్చి జాబితాను తుడిచేసి మళ్లీ నింపుతుంది. ఎంపిక పోయి మొదటి అంశం నిలుస్తుంది. జాబితాలో మొదటిది తేజ. ఆ తర్వాత వచ్చిన క్లిక్ ఈవెంటు పాపం కనిపించిందే రాసుకుంటుంది.

ఈజ్‌పోస్ట్‌బ్యాక్ (బటన్ నొక్కి తిరిగి రావడం) కాకపోతేనే నింపు అని ఒక షరతు పెట్టాను. పేజీ తిరిగి వచ్చేసరికి డ్రాప్‌డౌన్ మొత్తం ఖాళీ! పోయేది ఒక్క ఎంపికే అనుకుంటే ఇప్పుడు జాబితా కూడా పోయింది.

కారణం మార్కప్‌లో దొరికింది. ఎవరో ఆ డ్రాప్‌డౌన్‌కు వ్యూస్టేట్ ఆపేశారు. కాబట్టి జాబితాలోని అంశాలు మూటలోకి ఎక్కవు, ప్రతిసారీ నింపవలసిందే. పోస్ట్‌డేటా దశకు జాబితా ఖాళీ, బాడిగను ఎంచే వీలే లేదు; అది ఎంచి పెడుతుందని నేను పైన అనుకున్నది తప్పు. ఆపినవారి ఆలోచన మంచిదే. పది రకాల పేర్లను ప్రతిసారీ బ్రౌజరు దాకా పంపి తెప్పించుకోవడం ఎందుకు? నింపే చోటు మాత్రం తప్పు. షరతు తీసేసి, నింపే ఆ ఒక్క వరుసను పేజ్_లోడ్ నుంచి పేజ్_ఇనిట్‌కు మార్చాను. ఇప్పుడు జాబితా ముందు నిండుతుంది, ఆపైన పోస్ట్‌డేటా వచ్చి బాడిగను ఎంచుతుంది, దాన్ని మళ్లీ తుడిచేవారు ఎవరూ లేరు. ఒకే వరుస కోడ్, రెండు మెట్లు ముందుకు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే, కానీ ఈ ఎలుక ఎన్నో సీజన్ల తక్‌పట్టీలు కొరికింది.

వ్యూస్టేట్ ఆపితే ఒక మెలిక ఉంది, మరిచిపోకుండా రాసుకుంటున్నాను. పాత ఎంపిక ఏమిటో సర్వర్‌కు గుర్తుండదు. కాబట్టి మొదటి అంశం కాక మరేది ఎంచి ఉన్నా, ఎంపిక మారిందనే ఈవెంటు ప్రతిసారీ మోగుతుంది. ఈ పేజీలో ఆ ఈవెంటు వాడలేదు, బతికిపోయాం.

ఫిబ్రవరి 11

లాట్లు మాయమవడం. రెండు రోజులు పడుతుందనుకుంటున్నాను.

పాత కోడ్ 'ఇంకో లాటు' క్లిక్ ఈవెంటులో నాలుగు గడులు తయారుచేసి పేజీకి తగిలిస్తోంది. మొదటిసారి నొక్కితే కొత్త వరుస వస్తుంది. రెండోసారి నొక్కితే పాత వరుస పోయి కొత్తది ఒక్కటే మిగులుతుంది. సర్వర్‌లో పుట్టిన కొత్త పేజీకి మార్కప్‌లో ఉన్న గడులే తెలుసు. కిందటిసారి క్లిక్‌లో తగిలించిన వరుస దానికి తెలియదు. ఆ వరుస పోయిన పేజీతోనే పోయింది.

బ్రౌజరు ఎఫ్12 కిటికీలో (డెవలపర్ సాధనాల్లో) చూస్తే గుమాస్తా గారు నింపిన తూకం, ధర అన్నీ సర్వర్‌కు వెళ్తూనే ఉన్నాయి. విలువలు వచ్చాయి, అందుకునేవారే లేరు. కాటా దగ్గర పేరు పిలిస్తే రైతు పలకని స్థితి. అలా ఎవరూ పలకని విలువల కోసమే లోడ్ తర్వాత ఆ 'సెకండ్ ట్రై'. అప్పటికీ ఎవరూ పలకకపోతే ఇక వదిలేస్తుంది.

కాబట్టి ప్రతి పోస్ట్‌బ్యాక్‌లోనూ విలువలు పంచకముందే అన్ని వరుసలనూ తిరిగి నిర్మించాలి. ఎన్ని ఉన్నాయో వ్యూస్టేట్‌లో రాసిపెట్టి, పేజ్_ఇనిట్‌లో చదివి నిర్మిద్దామనుకున్నాను. చదివితే శూన్యం. ఎంతసేపు చూసినా శూన్యమే. మధ్యాహ్నం వరకు కుస్తీ పట్టి చివరికి గోడ మీది కాగితం చూశాను. ఇనిట్ ముందు, లోడ్‌స్టేట్ తర్వాత. మూట విప్పకముందే అందులో ఏముందని అడుగుతున్నాను. నిన్న నా చేత్తో రాసిందే.

ఫిబ్రవరి 12

నిర్మాణాన్ని పేజ్_లోడ్‌కు మార్చాను. పని చేసింది! ఆలస్యంగా చేర్చిన గడులు అంతవరకు జరిగిన దశలను గబగబా దాటి పేజీతో కలుస్తాయి. వాటి ఇనిట్, వాటి వ్యూస్టేట్ అప్పటికప్పుడు జరుగుతాయి, వాటి లోడ్ వంతు వచ్చినప్పుడు జరుగుతుంది. తర్వాత సెకండ్ ట్రైలో నింపిన విలువలూ అందుతాయి. క్లిక్ ఈవెంటు వచ్చేసరికి అంతా సిద్ధం.

ఆనందం గంటసేపు నిలిచింది. నిర్మించిన వెంటనే అదే పేజ్_లోడ్‌లో తూకాలు కూడి మొత్తం వేసే పాత కోడ్ ఒకటి ఉంది. అది సున్నా చూపించడం మొదలుపెట్టింది. గడులు ఉన్నాయి, కానీ వాటి విలువలు లోడ్ ముగిశాకే అందుతాయి.

కూడికను మరో చోటికి మార్చవచ్చు. కానీ ఆరు నెలల తర్వాత ఈ పేజీని తెరిచే మనిషి (నేనే అయినా సరే) పేజ్_లోడ్‌లో గడి చదివితే విలువ ఉంటుందనే అనుకుంటాడు. ఆ నమ్మకం నిలబడాలంటే వరుసలు వ్యూస్టేట్ విప్పిన తర్వాత, పోస్ట్‌డేటాకు ముందు పుట్టాలి. ఆ సందులో పేజీకి ఈవెంటు ఏదీ లేదు. కానీ లోడ్‌వ్యూస్టేట్ అనే మెథడ్ ఉంది, దాన్ని ఓవర్‌రైడ్ చేయవచ్చు (దాని చోట మన కోడ్ పెట్టవచ్చు). ముందు బేస్ మెథడ్‌ను (అసలు మెథడ్‌ను) పిలిస్తే పేజీ సొంత మూట విప్పుకుంటుంది. అప్పుడు లెక్క చదివి వరుసలు నిర్మిస్తాను. ఆ తర్వాతే పిల్లల మూటలు విప్పుతారు కాబట్టి కొత్త వరుసలకూ వాటి వాటా అందుతుంది. వెనకే పోస్ట్‌డేటా వస్తుంది.

మొదటి సందర్శనలో విప్పడానికి మూటే ఉండదు, ఈ మెథడ్ నడవదు. అందుకని ఈజ్‌పోస్ట్‌బ్యాక్ కాని సందర్భంలో ఒక వరుస నిర్మించి, లెక్కను కూడా అప్పుడే రాసిపెట్టాను.

దాపుడు గడిలో లెక్క పెట్టి, ఇనిట్‌లోనే రిక్వెస్ట్ (బ్రౌజరు పంపిన డేటా) నుంచి నేరుగా చదవడం ఇంకో దారి. అదీ పని చేస్తుంది. కానీ మాస్టర్ పేజీ ఉన్నప్పుడు గడి అసలు పేరు ముందు డాలరు గుర్తులతో పొడవాటి తోక చేరుతుంది. దాన్ని చేత్తో రాస్తే రేపు ఎవరో గడిని ఒక యూజర్ కంట్రోల్‌లోకి (విడి ఫైలులో రాసిన పేజీ ముక్కలోకి) జరిపినప్పుడు తెగుతుంది. నాకు నచ్చలేదు.

ఫిబ్రవరి 13

తొలగించే బటన్. నాలుగు లాట్లలో రెండోది తీసేస్తే మూడో లాటు ధర మాయం, నాలుగోది ఇంకో చోట. గడులకు ఐడీ ఇవ్వకపోవడం నా తప్పు. ఇవ్వకపోతే వెబ్ ఫార్మ్స్ తనే వరుస నంబరుతో ఒక పేరు పెడుతుంది. ఒక వరుస పోతే తర్వాతి పేర్లన్నీ జరుగుతాయి. బ్రౌజరు పాత పేరుతో పంపిన విలువ పక్కింటి తలుపు తడుతుంది. రైతు డబ్బు విషయంలో ఇది నవ్వుకునే పొరపాటు కాదు.

'ఎన్ని వరుసలు' అనే అంకె బదులు వరుసల నంబర్ల జాబితాను దాచాను. రెండోది తీసేస్తే 1, 3, 4 మిగులుతాయి. ఐడీలు ఆ నంబర్లతోనే. కొత్త వరుసకు 5, ఎప్పటికీ మళ్లీ 2 కాదు. వరుస తొలగించే పని క్లిక్ ఈవెంటులో చేయాలి, జాబితానూ, గడులనూ రెంటినీ అక్కడే తీయాలి. ఒకటి తీసి ఒకటి మరిస్తే దాచేటప్పటి వరుస, తిరిగి నిర్మించేటప్పటి వరుస సరిపోవు. పిల్లల వ్యూస్టేట్‌ను వెబ్ ఫార్మ్స్ మామూలుగా పేరును బట్టి కాదు, స్థానాన్ని బట్టి పంచుతుంది.

సాయంత్రం కొట్టుకు తీసుకువెళ్లి గుమాస్తా గారి ముందు పెట్టాను. ఆయన తూకం కొట్టి ఎంటర్ నొక్కారు. మొదటి లాటు ఎగిరిపోయింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. గడిలో ఉండి ఎంటర్ నొక్కితే బ్రౌజరు ఫారంలోని మొదటి సబ్మిట్ బటన్‌ను నొక్కినట్టు లెక్కిస్తుంది. నా పేజీలో మొదటి బటన్ మొదటి వరుసలోని 'తొలగించు'. ఫారంకు డిఫాల్ట్‌బటన్‌గా 'ఇంకో లాటు'ను పెట్టాను. ఆయన వేళ్లకు అదే అలవాటు. మౌసు ఆయన ముట్టుకోరు.

"ఇప్పుడు బాగుంది బాబూ. ఎంటర్ కొడితే ముందుకు పోవాలి గానీ వెనక్కి లాగకూడదు."

ఫిబ్రవరి 15

మొత్తం ఒక అడుగు వెనకబడటం. పేజ్_లోడ్‌లో కూడుతున్నారు, కానీ వరుస చేరేదీ పోయేదీ దాని తర్వాత వచ్చే క్లిక్‌లో. కాబట్టి చూపించేది ఎప్పుడూ నొక్కకముందు లెక్క. కూడికను ప్రీరెండర్‌కు మార్చాను. అన్ని ఈవెంట్లూ అయిపోయి, స్థితి ఇంకా దాచని చోటు అది. చూపించవలసిన లెక్కలన్నిటికీ అదే సరైన చోటు అని నా అభిప్రాయం. క్లిక్ ఈవెంట్లు డేటాను మార్చాలి, తెరను కాదు. పాత కోడ్‌లో తొమ్మిది చోట్ల మొత్తం కూడుతున్నారు, ఇప్పుడు ఒక్క చోట.

ఫిబ్రవరి 16

రైతు ఖాతాల పేజీలో పేజ్_లోడ్ అసలు నడవడం లేదు. బ్రేక్‌పాయింట్ (కోడ్ ఆగవలసిన గుర్తు) పెట్టినా ఆగదు. అరగంటలో దొరికింది. లాగిన్ పరీక్ష కోసం ఎవరో ఉమ్మడి బేస్ క్లాసులో ఆన్‌లోడ్‌ను ఓవర్‌రైడ్ చేసి, బేస్ మెథడ్‌ను పిలవడం మరిచారు. పేజ్_లోడ్‌ను పిలిచేది ఆ బేస్ మెథడే. ఒక వరుస చేర్చాను.

దాని పక్కనే ఇంకో ముచ్చట. 'భద్రపరిచాం' అనే సందేశాన్ని లేబుల్‌లో పెట్టే కోడ్ పేజ్_అన్‌లోడ్‌లో ఉంది. బ్రౌజరులో పేజీ మూసినప్పుడు వచ్చే అన్‌లోడ్ అనుకున్నారో ఏమో. సర్వర్ అన్‌లోడ్ వచ్చేసరికి హెచ్‌టీఎంఎల్ రాయడం అయిపోయింది, లేబుల్‌కు ఏం చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. కనెక్షన్ మూయడం లాంటి ఊడ్పు పనులకే అది. సందేశాన్ని క్లిక్‌లోకి తెచ్చాను. ఇన్నేళ్లలో మొదటిసారి కనిపించింది.

ఫిబ్రవరి 17

యార్డులో ఫోను హాట్‌స్పాట్ మీద ఖాతాల పేజీ నత్తలా నడుస్తోందన్నారు. ట్రేస్ పట్టికలో ప్రతి గడి ఎంత వ్యూస్టేట్ మోస్తోందో బైట్లలో ఉంటుంది. డేటాను పట్టికగా చూపే గ్రిడ్‌వ్యూ ఒక్కటే దాదాపు 200 కిలోబైట్లు. రైతులందరి నిల్వలూ పట్టికగా కనిపిస్తాయి, మళ్లీ అంతా మూటలోనూ ఉంటుంది. దాన్ని బేస్64లో (మామూలు అక్షరాలుగా మార్చి) రాయడం వల్ల మరో మూడో వంతు బరువు. బటన్ నొక్కితే ఆ మూట పైకి, తిరిగి కిందికి. పైకి వెళ్లే దారి ఫోనులో ఎప్పుడూ ఇరుకే.

ముందు పనిచేసినవారు దీనికి అప్‌డేట్‌ప్యానెల్ (తెర మీద పేజీలో ఒక భాగాన్నే తాజా చేసేది) వేసి ఉన్నారు. పేజీ మెరవడం ఆగింది, అంతే. అప్‌డేట్‌ప్యానెల్ లోపల నొక్కినా సర్వర్‌లో ఊరేగింపు మొత్తం మొదటి నుంచి చివరి దాకా నడుస్తుంది, వ్యూస్టేట్ మొత్తం వెళ్లి వస్తుంది. తగ్గేది తిరిగి వచ్చే హెచ్‌టీఎంఎల్ ఒక్కటే. కప్పు మార్చారు, గోడ అలాగే ఉంది.

ఆ పట్టిక చూడటానికే, దిద్దడానికి కాదు. దాని వ్యూస్టేట్ ఆపి, ప్రతిసారీ ఆ పేజీకి కావలసిన 25 వరుసలే డేటాబేస్ నుంచి తెచ్చేలా మార్చాను. పేజీ నంబరు గుర్తుండటంలో ఇబ్బంది వస్తుందేమోనని భయపడ్డాను. గ్రిడ్‌వ్యూ దాన్ని కంట్రోల్‌స్టేట్ అనే విడి మూటలో దాస్తుంది, అది వ్యూస్టేట్ ఆపినా ఆగదు. ఈ ఒక్క విషయంలో వెబ్ ఫార్మ్స్ చేసినవారికి నమస్కారం.

ఫిబ్రవరి 18

ఉదయం పది గంటలకు అసలు పరీక్ష. ఒక రైతువి అయిదు లాట్లు. రెండు తేజ, ఒకటి బాడిగ, ఒకటి 341 రకం, ఒకటి తాలు. గుమాస్తా గారు మధ్యలో మూడోది తొలగించి మళ్లీ చేర్చారు, కావాలనే. తక్‌పట్టీ వచ్చింది. ఆయన కాలిక్యులేటర్ తీసి మొత్తం కూడుకున్నారు. సరిపోయింది. పెన్ను జేబులోకి వెళ్లింది.

వెంటనే యజమాని నుంచి కొత్త కోరిక. ప్రతి లాటుకూ కాటా చీటీ ఫొటో జత చేయాలట. ఫైల్ గడి ఎంచుకున్న ఫైలును పోస్ట్‌బ్యాక్ దాటి నిలుపుకోదు. బ్రౌజరు భద్రత దృష్ట్యా దాన్ని సర్వర్ తిరిగి నింపలేదు, వ్యూస్టేట్‌లో పట్టే వస్తువూ కాదు. గుమాస్తా గారు మొదటి లాటుకు ఫొటో ఎంచి ఎంటర్ కొడితే రెండో లాటు వస్తుంది, ఫొటో పోతుంది. కాబట్టి 'ఇంకో లాటు' నొక్కిన క్షణంలోనే ఫైలును తాత్కాలిక ఫోల్డరులో రాసి, దాని పేరును ఆ వరుస నంబరుతో కలిపి దాచాలి. వదిలేసిన ఫైళ్లను రాత్రిపూట ఊడ్చే పని ఒకటి అదనం. ఈ పేజీకి అప్‌డేట్‌ప్యానెల్ వేస్తే మాత్రం ఫొటో సర్వర్‌కే చేరదు, ఆ బటన్‌ను పూర్తి పోస్ట్‌బ్యాక్‌గా విడిగా ప్రకటించాలి. రేపు అక్కడి నుంచి మొదలు.